మీకు తెలుసా? మన ఫినాయిల్ అమెరికా వెళ్తే పురుగుమందు!

ఇటు రండి, కాస్త దగ్గరికి! బాన్సువాడలో చిన్న షెడ్డు వేసి ఫినాయిల్ తయారుచేస్తున్నారనుకోండి. సీసా మీద "క్రిములను చంపుతుంది" అని ముద్రించి అమెరికా పంపాలని మీ ఆశ. అంతే! అక్కడి చట్టం దృష్టిలో అది ఇక ఫినాయిల్ కాదు, పురుగుమందు! పొలంలో కొట్టే మందుకూ మీ సీసాకూ ఒకటే చట్టం. అదీ 1947 నాటిది! రిజిస్ట్రేషన్ లేకుండా రేవులో దిగిందా, సరుకు అక్కడే ఆగిపోతుంది!

మరి "నేలను శుభ్రం చేస్తుంది" అని మాత్రమే రాస్తే? ఆ రిజిస్ట్రేషన్ గొడవ దాదాపుగా ఉండదు! అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ముందుగా చూసేది మీరు చేసిన వాగ్దానాన్నే! 1970లో మొదలైన ఆ సంస్థకు ఫినాయిల్ మీద "చంపుతుంది" అన్న మాట కనబడితే చాలు, రుజువులు అడుగుతుంది. ఆ మాట రాసే ముందు పదిసార్లు ఆలోచించండి!

ఆ రుజువు ఎంత గట్టిగా ఉండాలో వింటారా? గిన్నెలు, వంటగట్టు వంటి తిండి తగిలే చోట్ల వాడే శానిటైజర్ అయితే లక్ష క్రిములకు ఒక్కటే మిగలాలి! దానికి ఇచ్చే సమయమెంతో తెలుసా? 30 సెకన్లు! మీరు ఈ పేరా చదివేలోపు పని అయిపోవాలి!

మన నల్ల ఫినాయిల్ సీసాను ఓసారి తిప్పి చూడండి. ఆర్‌డబ్ల్యూసీ అని ఓ అంకె కనబడుతుంది. అది రిడియల్, వాకర్ అనే ఇద్దరి పేర్ల మీద వచ్చింది! టైఫాయిడ్ క్రిమిని చంపడంలో కార్బాలిక్ యాసిడ్ కన్నా మీ ఫినాయిల్ ఎన్ని రెట్లు గట్టిదో చెప్పే లెక్క అది. వాళ్లు ఆ పరీక్ష కనిపెట్టింది 1903లో! ఇప్పటికీ మన బాత్రూముల్లో ఆ లెక్కే నడుస్తోంది!

ఇప్పుడు చెప్పేది నాకు అన్నింటికన్నా నచ్చిన సంగతి! చర్మాన్ని కాల్చే ద్రవాన్ని ఇళ్లకు అమ్మాలంటే యూరప్‌లో సీసాకు పిల్లలు తీయలేని మూత ఉండాలి. అది పిల్లలు తీయలేరని ఎవరు తేలుస్తారు? పిల్లలే! మూడున్నర నుంచి నాలుగేళ్ల చిల్లర వయసు వాళ్లను కూర్చోబెట్టి, ప్రమాదం లేని సీసాలు చేతికిస్తారు. "తీయండి చూద్దాం" అంటారు! ఐదు నిమిషాలు గడిచాక పెద్దవాళ్లు మూత తీసి చూపిస్తారు. అంతటితో ఆగరు... "కావాలంటే పళ్లతో కొరకొచ్చు" అని కూడా చెప్తారు! చూపించకముందు మొదటి ఐదు నిమిషాల్లో నూటికి 85 మంది పిల్లలు ఓడిపోవాలి. అప్పుడే మూత గెలిచినట్టు!

ఆగండి, అక్కడితో అయిపోలేదు! అదే మూతను తాతలూ నానమ్మలూ తీయగలగాలి. పిల్లలకు లొంగకూడదు, పెద్దలను ఏడిపించకూడదు! అందుకే 50 ఏళ్లు దాటినవాళ్లకు విడిగా పరీక్ష పెడతారు. నొక్కి తిప్పే మూత వెనక ఇంత కథ ఉంది!

చూపులేని వారికి సీసాలో ఉన్నది ప్రమాదకరమని ఎలా తెలుస్తుంది? వేలితో! యూరప్‌కు వెళ్లే ప్రమాదకర ద్రవాల సీసాల మీద, అడుగుకు దగ్గరగా, ఉబ్బెత్తు త్రికోణం ఒకటి ఉంటుంది. వేలు పెట్టగానే తగులుతుంది! ఒక్కో భుజం దాదాపు 18 మిల్లీమీటర్లు. ఎంత మంచి ఆలోచనో చూడండి! మన దుకాణాల్లోని సీసాలకూ ఇది రావాలని నా గట్టి కోరిక.

వాషింగ్ మెషీన్లో వేసే రంగురంగుల సబ్బునీళ్ల గోళీలు చూశారా? చాక్లెట్లలా మెరుస్తుంటాయి. పిల్లలు నోట్లో పెట్టేసుకుంటారు! అందుకే యూరప్ ఓ చేదు షరతు పెట్టింది. పై పొరలోనే చేదు పదార్థం కలపాలి. పొరపాటున నోట్లో పడితే 6 సెకన్లలో ఉమ్మేయాలనిపించాలి! అవును, చట్టంలోనే సెకన్లు రాసి ఉన్నాయి!

ఆ గోళీ చిన్న చేతుల్లో పిసికితే పగలకూడదు కూడా! 300 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలి. సులువుగా చెప్పాలంటే, దాని మీద ముప్పై కిలోల బియ్యం బస్తా పెట్టినా చితకకూడదు! నీళ్లలో కరిగిపోయే పల్చటి పొరకు అంత బలం!

నిమ్మకాయ ఆకారపు సీసాలో బాత్రూమ్ క్లీనర్ నింపితే ముద్దుగా ఉంటుంది కదా? యూరప్‌లో అది నేరం! తినే వస్తువులా కనబడి మోసం చేసే సరుకును అమ్మకూడదని 1987లోనే ఆదేశం వచ్చింది. పండ్ల రసం డబ్బాను పోలిన ప్యాకింగ్ కూడా చెల్లదు!

జపాన్‌లోనూ 1987 మరిచిపోలేని ఏడాదే! తొకుషిమా అనే చోట ఓ ఇల్లాలు ఇంట్లో శుభ్రం చేస్తూ బ్లీచ్‌నూ యాసిడ్ క్లీనర్‌నూ కలిపింది. క్లోరిన్ వాయువు లేచింది. ఆమె ప్రాణం పోయింది! ఆ తర్వాత జపాన్ సీసాల మీద పెద్ద అక్షరాలతో "కలపొద్దు, ప్రమాదం" అనే హెచ్చరిక వచ్చింది. ఇవాళ అక్కడికి బ్లీచ్ పంపాలంటే ఆ మాట లేకుండా కుదరదు! మన ఇళ్లలోనూ యాసిడ్, బ్లీచింగ్ పొడి రెండూ కలిపి రుద్దేవాళ్లున్నారు. దయచేసి ఈ ఒక్క పేరా మాత్రం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి!

సబ్బు తయారీకి వాడే కాస్టిక్ సోడా గుర్తుందా? పొయ్యి జిడ్డు వదిలించే క్లీనర్లలోనూ అదే ఉంటుంది. మీ ద్రవం పీహెచ్ 11.5కి చేరిందంటే చాలు, అది చర్మాన్ని కాల్చే సరుకని లెక్క! "కాదండీ, మాది మెత్తనిదే" అంటారా? పరీక్ష చేయించి మీరే నిరూపించుకోవాలి!

ఎర్ర అంచుతో మూలమీద నిలబడ్డ చదరపు గుర్తులు చూశారా? లోపల మంట, పుర్రె, చచ్చిన చేప! ప్రపంచం మొత్తానికీ ఇలాంటివి 9 మాత్రమే! భాష రాకపోయినా భయం అర్థమవ్వాలని ఐక్యరాజ్యసమితి ఒప్పించిన బొమ్మలివి. బాన్సువాడలో ముద్రించిన చేప బొమ్మ బ్రెజిల్‌లో అదే మాట చెప్తుంది!

రసాయనం కడవ నిండా ఉన్నా, డ్రమ్ము నిండా ఉన్నా, దానికి ఓ జాతకం రాయాలి. భద్రతా పత్రం అంటారు. అందులో 16 భాగాలు! కంట్లో పడితే ఏం చేయాలి, మంట అంటుకుంటే దేంతో ఆర్పాలి, నేల మీద ఒలికితే ఎలా ఎత్తాలి... అన్నీ ఉంటాయి. వరుస మార్చకూడదు! ఎందుకంటే అగ్నిమాపక సిబ్బంది చీకట్లో, హడావుడిలో తిప్పినా ఐదో భాగంలోనే మంట సంగతి దొరకాలి!

యూరప్ సీసాల మీద యూఎఫ్ఐ అని ఓ సంకేతం ఉంటుంది. అందులోనూ 16 అక్షరాలూ అంకెలే! ఇదెందుకో తెలుసా? పిల్లవాడు క్లీనర్ తాగేశాడు. తల్లి విష సమాచార కేంద్రానికి ఫోన్ చేసి ఆ సంకేతం చదువుతుంది. అవతలి డాక్టరు ముందున్న తెరమీద సీసాలో ఏముందో ప్రత్యక్షం! మీ ఫార్ములా వివరాలు ముందే వాళ్ల చేతికి చేరి ఉంటాయి. అది గుట్టు రట్టు చేయడం కాదు, ప్రాణం కాపాడటం!

గిన్నెలు తోమే లిక్విడ్ పాడవకుండా ఎంఐటీ అనే ఓ మందు కలుపుతారు. కిలోకు 15 మిల్లీగ్రాములు చాలు, యూరప్ లేబుల్ మీద చర్మానికి అలర్జీ హెచ్చరిక రాయాల్సిందే! చిటికెడులో చిటికెడు కూడా కాదు ఆ మోతాదు!

"నిమ్మ సువాసన" అని గర్వంగా రాస్తాం కదా! నిమ్మ తొక్కలో ఉండే లిమొనీన్‌ను యూరప్ అలర్జీ కారకాల పట్టికలో చేర్చింది! బట్టల సబ్బులో 0.01 శాతం దాటితే దాని పేరు లేబుల్‌కు ఎక్కాల్సిందే. మంచి వాసన కూడా లెక్క చెప్పాలి!

పొలంలో చల్లే భాస్వరం సబ్బు పొడిలోనూ ఉండేది, తెలుసా? మురికినీళ్లతో కలిసి చెరువు చేరితే పైరుకు బదులు నాచును పెంచుతుంది! నీళ్లు పచ్చబడతాయి, చేపలకు ఊపిరాడదు. మంజీరా ఒడ్డువాళ్లకూ నిజాంసాగర్ కాలువల వెంట ఉండేవాళ్లకూ నాచు సంగతి నేను చెప్పాలా? యూరప్‌లో ఇళ్లకు అమ్మే సబ్బు పొడితో ఒకసారి బట్టలుతికితే నీళ్లలోకి వెళ్లే భాస్వరం 0.5 గ్రాములకు మించకూడదు! మనకూ ఇలాంటి హద్దు ఉంటే ఎంత బాగుండు!

నురుగు తెప్పించే పదార్థానికి చావు గడువు కూడా ఉంది! పరీక్షలో బ్యాక్టీరియా దాన్ని తినేసి, నూటికి అరవై పాళ్లయినా గాలిగా, లవణాలుగా మార్చేయాలి. గడువు 28 రోజులు! అది దాటినా నురుగు బతికే ఉంటే యూరప్ తలుపులు మూసుకుంటాయి!

"మాది కుంకుడుకాయ సరుకు, మాకెందుకీ పరీక్షలు?" అంటారా? కుంకుడు నురుగుకూ ఇవే పరీక్షలు! నురగ తెప్పించే పదార్థం చెట్టు నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అని యూరప్ డిటర్జెంట్ చట్టం చూడదు. మన గిరిజన సహకార సంస్థ 1956 నుంచీ ఉంది, అడవి బిడ్డల దగ్గర కుంకుడుకాయలు కొంటోంది. వాళ్లు ఏరిన కాయ యూరప్ వంటింటికి చేరితే నాకెంత సంతోషమో! కానీ "సహజం" అన్న మాట ఒక్కటే టికెట్టు కాదు!

ఇది వింటే మీరు నోరు తెరుస్తారు! నోనైల్‌ఫినాల్ ఎథాక్సిలేట్ అనే చవక నురుగు మందు ఉంది. నదిలో పడ్డాక విరిగి ఆడ హార్మోనులా నటిస్తుంది. మగ చేపల ఒంట్లో గుడ్డు సొన ప్రోటీన్ తయారవుతుంది! అందుకే యూరప్‌లో ఇంటి క్లీనర్లలో అది 0.1 శాతానికి చేరకూడదు.

గచ్చు రుద్దే క్రీముల్లో గరగరలాడే సన్నటి ప్లాస్టిక్ పూసలు వేస్తుంటారు. రుద్దడానికి ఆ పూసలు కలిపిన క్లీనర్లను యూరప్ 2023 అక్టోబరులోనే నిషేధించింది! అక్కడికి పంపాలంటే రాతిపొడి లాంటి వాటికి మారాల్సిందే!

రీచ్ అనే యూరప్ చట్టం ఇంకో తమాషా. క్లీనర్‌లోని ఒక్కో రసాయనాన్నీ విడివిడిగా తూకం వేస్తుంది! ఏడాదికి 1 టన్ను చేరిన ప్రతి రసాయనానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి. పైగా బాన్సువాడ చిరునామాతో నేరుగా చేయించలేరు. యూరప్‌లో ఉన్న దిగుమతిదారు లేదా ప్రతినిధి చేతుల మీదుగానే జరగాలి!

లేబుల్ ఏ భాషలో ఉండాలి? అమ్మే దేశం భాషలో! యూరోపియన్ యూనియన్‌కు ఎన్ని అధికార భాషలో ఊహించండి... 24! ఫిన్లాండ్ సీసా వేరు, పోర్చుగల్ సీసా వేరు!

మరి మనవాళ్ల గల్ఫు? నిజామాబాద్, కామారెడ్డి పల్లెల నుంచి ఎంతమంది అక్కడ చెమటోడుస్తున్నారో మనకు తెలుసు. వాళ్లు తుడిచే గచ్చు మీదికి మన ఊరి లిక్విడ్ వెళ్తే? ఆ 6 దేశాలకూ అధికార భాష అరబ్బీయే! ఒక్క అనువాదం బాగా చేయించుకుంటే చాలా దూరం వస్తుంది. కాకపోతే ఏ దేశం అనుమతి ఆ దేశానిదే! సౌదీకైతే సాబర్ అనే ఆన్‌లైన్ వేదికలో సరుకు నమోదు కావాలి.

ఇంట్లో మనకు అన్నీ "సబ్బు"లే. కస్టమ్స్‌కు మాత్రం కాదు! బట్టల సబ్బు ఒక పద్దు, సర్ఫు ఇంకో పద్దు. క్రిములు చంపేదైతే అధ్యాయమే మారిపోయి 38లోకి వెళ్తుంది... అక్కడ దాని పొరుగువాళ్లెవరో తెలుసా? ఎలుకల మందు, కలుపు మందు!

సీసా మీది బార్‌కోడ్ 890తో మొదలైతే "ఇండియాలో తయారైంది" అనుకుంటారు చాలామంది. కాదు! ఆ కంపెనీ మన దేశంలోని జీఎస్1 సంస్థ దగ్గర నంబరు తీసుకుందని మాత్రమే అర్థం! సరుకు ఎక్కడ తయారైందో ఆ గీతలు చెప్పవు.

అందుకే అమెరికాకు "మేడ్ ఇన్ ఇండియా" అని విడిగా, కొట్టొచ్చినట్టు, కొనేవారికి కనబడేలా రాయాలి. ఆ నియమం 1930 నాటి సుంకాల చట్టంలోది!

ప్రమాదకర ద్రవం డబ్బాలను ఎలా పరీక్షిస్తారో చూస్తే మీకు గుండె ఆగుతుంది. పైనుంచి కింద పడేస్తారు! మధ్యరకం ప్రమాదమున్న సరుకైతే 1.2 మీటర్ల ఎత్తు నుంచి. అడుగు మీద, పక్కల మీద, మూల మీద... చుక్క కారిందా, ఫెయిల్! భారతీయ ప్యాకేజింగ్ సంస్థ ఇలాంటి పరీక్షలు చేస్తుంది, దానికి మన హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది.

తర్వాత బరువు పరీక్ష. అట్టపెట్టె మీద మూడు మీటర్ల ఎత్తు దొంతరకు సమానమైన బరువు మోపి 24 గంటలు వదిలేస్తారు. ఓడలో అడుగున పడే పెట్టె గతి అదే కదా!

చిన్న తయారీదారులకు ఓ తీపి కబురు! సరుకు చిన్న చిన్న సీసాల్లో ఉండి, పెట్టె మొత్తం బరువు 30 కిలోలు దాటకపోతే చాలా రకాలకు ఆ ఖరీదైన పరీక్షల పెట్టె అక్కర్లేదు! పైనా కిందా నలుపు, మధ్యలో తెలుపు ఉన్న, మూలమీద నిలబడ్డ చదరపు గుర్తు ముద్రిస్తే చాలు. ఈ సౌకర్యం తెలియక పెద్ద డ్రమ్ముల జోలికెళ్లి ఖర్చు పెంచుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ముందు దీన్ని అడిగి తెలుసుకోండి!

సరుకు కింద పెట్టే చెక్క ప్యాలెట్‌కూ ఓ అగ్నిపరీక్ష ఉంది! కర్ర నడిబొడ్డు దాకా 56 డిగ్రీల వేడి చేరాలి, అలా అరగంట ఉండాలి. ఎందుకు? కర్రలో దాక్కున్న పురుగు ఇంకో దేశపు అడవిలో దిగకూడదని! ముద్ర లేని చెక్క కనబడితే మంచి సబ్బు కూడా వెనక్కి రావచ్చు!

2007లో ఎంఎస్‌సీ నెపోలి అనే ఓడ ఇంగ్లండ్ దగ్గర దెబ్బతింది. డెక్ మీద తడవకుండా మిగిలిన కంటైనర్లను తూకం వేస్తే, 137 కంటైనర్ల బరువు చెప్పినదానికీ ఉన్నదానికీ మూడు టన్నులకు పైగా తేడా! ఇప్పుడు తూకం వేసిన ధ్రువీకరణ లేకుండా ఏ కంటైనరూ ఓడ ఎక్కదు.

మన పక్కనే జరిగింది ఇంకోటి! 2021లో కొలంబో తీరాన ఎక్స్‌ప్రెస్ పెర్ల్ తగలబడి మునిగింది. అందులో 25 టన్నుల నైట్రిక్ యాసిడ్ ఉంది. ఓ కంటైనర్ నుంచి యాసిడ్ కారుతోందని ముందే తెలిసినా, దించుకునే రేవు దొరకలేదు! తీరమంతా ప్లాస్టిక్ పూసలు, చచ్చిన తాబేళ్లు. మూత బిగుతు, పెట్టె గట్టిదనం అంటూ పైన ఇంతసేపు ఎందుకు చెప్పానో ఇప్పుడర్థమైందా?

తెలంగాణకు సముద్రం లేదు. అయినా విదేశీ సరుకుకు సీలు మీ షెడ్డులోనే వేసుకోవచ్చు! కస్టమ్స్ అనుమతి తీసుకుని, రేడియో చిప్పు ఉన్న ఎలక్ట్రానిక్ సీలు బిగిస్తే సరి. ఈ పద్ధతి 2017లో వచ్చింది. కాదంటే హైదరాబాద్ సనత్‌నగర్‌లోని కంటైనర్ డిపోలో కస్టమ్స్ పని ముగించుకోవచ్చు. రేవు మీ దగ్గరికే వచ్చినట్టు!

ఇన్ని అనుమతులకూ తొలిమెట్టు ఐఈసీ, అంటే ఎగుమతి, దిగుమతిదారులకు ఇచ్చే నంబరు. దాని ఫీజు ఎంతో తెలుసా? 500 రూపాయలే! బాన్సువాడలో కూర్చుని ఫోన్లోనే దరఖాస్తు పెట్టొచ్చు.

కానీ ఓ మెలిక! ఏమీ మారకపోయినా ఏటా ఏప్రిల్, జూన్ నెలల మధ్య ఆ వివరాలు సరిచూసి "సరే" అనాలి. లేదంటే నంబరు నిద్రపోతుంది! బాన్సువాడ 2016 అక్టోబరులో నిజామాబాద్ జిల్లా నుంచి కామారెడ్డి జిల్లాకు మారింది కదా. మీ పాత కాగితాల మీద, సీసాల మీద ఇంకా పాత జిల్లాయే ఉందేమో ఇవాళే చూసుకోండి! కాగితాల మీది చిరునామాలు ఒకదానితో ఒకటి కలవకపోతే అడిగే ప్రశ్నలకు అంతుండదు.

సబ్బులు, డిటర్జెంట్ల ఎగుమతిదారులు చేరదగ్గ ఓ మండలి ఉంది, తెలుసా? పేరు కెమెక్సిల్. 1963 నుంచీ పనిచేస్తోంది! ఏ దేశం ఏ నియమం మార్చిందో సభ్యులకు చెప్పడం దాని పనుల్లో ఒకటి.

ఇక డబ్బు సంగతి! ఎగుమతి సరుకు మీద జీఎస్టీ 0 శాతం! ముందుగా ఓ హామీపత్రం ఆన్‌లైన్లో ఇస్తే పన్ను కట్టకుండానే పంపొచ్చు. అది ఏ ఆర్థిక సంవత్సరానికి ఆ సంవత్సరమే.

లారీ డీజిల్ మీద కట్టిన పన్ను, కరెంటు బిల్లులోని సుంకం... అవి పోయినట్టేనా? లేదు! ఎగుమతిదారులకు వాటిలో కొంత తిరిగిచ్చే రోడ్‌టెప్ పథకం 2021 జనవరిలో మొదలైంది. సరుకు రకాన్ని బట్టి రేటు. షిప్పింగ్ బిల్లు దాఖలు చేసేటప్పుడే "కావాలి" అని గుర్తు పెట్టాలి. అక్కడ మరిచారా, తర్వాత రాబట్టుకోవడం చాలా కష్టం! మీ ఏజెంటుకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి!